చెట్లు కాపాడుకున్నాం, నీళ్లు కూడా కాపాడండి
శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ





ఉద్దానం పేరు పేపర్లో కనబడితే కిడ్నీ జబ్బు గురించి అయినా ఉండాలి, తుపాను గురించి అయినా ఉండాలి. పలాస అంటే జీడిపప్పు. టెక్కలి అంటే గ్రానైట్. ఈ ఊళ్లన్నిటికీ దగ్గర్లోనే, నౌపడ ఉప్పు మడులు దాటాక భావనపాడు వైపు పరుచుకున్న ఉప్పునీటి తంపర (చిత్తడి నేల) ఒకటుంది. రైల్లో నౌపడ జంక్షన్ మీదుగా పోయేవాళ్లు కిటికీలోంచి తెల్లటి ఉప్పు కుప్పలు చూసి ముచ్చటపడతారు. వాటి వెనకాల సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి పోతుందని, ఆ రాకపోకల మీదే మన జిల్లా పక్షుల బతుకు నడుస్తుందని జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఆ తంపర గురించే ఈ ఉత్తరం.

అడిగేవి రెండు. ఆ తంపరకు చట్టపరమైన రక్షణ ఇప్పించండి. అక్కడ పక్షుల్ని చూడటానికి మోటారు బోట్లకు చోటివ్వకుండా, తెడ్డుతో నడిచే చిన్న పడవలకు, కయాక్‌లకు మాత్రమే, అదీ స్థానిక మత్స్యకారుల చేతుల మీదుగా అనుమతి ఇప్పించండి. ఒకటి అటవీ శాఖ పని, ఇంకొకటి పర్యాటక శాఖ పని అనిపించవచ్చు. నిజానికి ఒకటి లేకుండా రెండోది నిలవదు.

తేలినీలాపురం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. టెక్కలి మండలంలోని ఈ ఊరికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊళ్లోని పెద్ద చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. రెట్టల కంపు, తెల్లారకముందే మొదలయ్యే గోల, గూళ్లలోంచి జారి వాకిట్లో పడే చేపలు, ఇవన్నీ ఓర్చుకుని ఊరు వాటిని కాపాడుకుంటూ వచ్చింది. పిట్టలు వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ ఇదే వరస. అక్కడికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి, వరి పొలాల్లో నత్తలు ఏరుకు తింటాయి. ఈ రెండు ఊళ్లకూ జిల్లా రుణపడి ఉంది.

అయితే తేలుకుంచి కొంగకు కూడు చుట్టూ ఉన్న పొలంలోనే దొరుకుతుంది. తేలినీలాపురం పిట్ట మాత్రం కొన్ని కిలోమీటర్లు ఎగిరి తంపరకు, ఉప్పుటేరుకు వెళ్లి చేప తెచ్చుకోవాలి. పిల్లలు ఎదిగేకొద్దీ వాటికి కావలసిన చేప పెరుగుతుంది, తల్లిదండ్రుల తిరుగుడూ పెరుగుతుంది. మనం బోర్డులు పెట్టింది, పక్షుల్ని చూసే టవర్ కట్టింది, కాపలా పెట్టింది గూళ్ల దగ్గరే. చేప దొరికే నీటికి ఏ కాపలా లేదు. కానుపుకి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు గది సర్ది, వంటింటికి తాళం వేసినట్టుంది మన పద్ధతి.

దాని ఫలితం మనం చూశాం. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు వందకు పైగా చచ్చిపోయాయి. పెద్ద పక్షులు, గూళ్లలో పిల్లలున్న పక్షులు. చేపల ద్వారా ఒంట్లోకి చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. చెట్టు మీద ఎంత కాపలా పెట్టినా ఆ చావుల్ని ఆపలేకపోయేది. రోగం వచ్చింది కూటిలోంచి.

ఇక్కడ మరో మాట. సీజన్ రాగానే ‘సైబీరియా అతిథులు వచ్చేశాయి’ అని వార్తలు వస్తాయి. గూడబాతు సైబీరియా పక్షి కాదు. ఇది దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. ప్రపంచంలో దీని గూళ్లు ఎక్కువగా ఉండేది మన దక్షిణ భారతంలో, శ్రీలంకలో, కంబోడియాలో. ముప్పు అంచున ఉన్న జాతుల్లో ఒకటిగా ఐయూసీఎన్ దీన్ని లెక్కలో పెట్టింది. ఎర్రకాళ్ల కొంగ కూడా ఈ చుట్టుపక్కల దేశాలదే. నీళ్లనుబట్టి, చేపనుబట్టి మన దేశంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. చలికాలానికి ఉత్తరం నుంచి దిగే వలస పక్షి మన దగ్గర గూడు కట్టదు. తిని, బలం పుంజుకుని, తిరిగి వెళ్లి తన చోట గుడ్లు పెడుతుంది. గూడు ఇక్కడ కట్టిందంటే దాని ఊరు ఇదే. ఇక్కడ పుట్టిన పిట్ట ఇక్కడ కూడు లేక పోతే ఆ తప్పు సైబీరియాది కాదు, మనది.

నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షులు కూడా తంపరలో ఉన్నాయి. వాటిని ఎవరూ చూడరు. పిచ్చుకంత ఉంటుంది చిన్న ఉల్లంకి. పాతిక గ్రాముల బరువు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, వేసవిలో కూడా పూర్తిగా కరగని నేల మీద గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి మన బురద మీద దిగుతుంది. రోడ్డు మీద నుంచి, టవర్ మీద నుంచి చూస్తే అది బురద రంగులో కలిసిపోతుంది. నీటి మట్టానికి కూర్చున్న మనిషికి మాత్రమే కనబడుతుంది, కుట్టుమిషను సూదిలా ముక్కు పైకీ కిందకీ ఆడిస్తూ.

కయాక్ మాట అందుకే ఎత్తాను. ఉత్తర ధ్రువ ప్రాంతాల జనం చప్పుడు లేకుండా వేటకు పోవడానికి తోలుతో కట్టుకున్న పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు, మన విశాఖ రుషికొండలోనూ తిప్పుతున్నారు. జానెడు నీరుంటే తేలుతుంది. అందులో కూర్చుంటే మన కళ్లు కొంగ మోకాళ్ల ఎత్తుకు వస్తాయి.

నేను చూసిన ఒక ఉదయం చెబుతాను. పున్నమి వెళ్లిన మర్నాడు. పోటు నిండి, నీరు లాగడం మొదలైంది. ఒక మత్స్యకారుడి పడవ ముందు, వెనకాల నా కయాక్. గట్ల మీద ఇలకూర ఎర్రబడి ఉంది. నీరు తగ్గేకొద్దీ ఉప్పుటేరు పక్కన బురద గుంటలు ఒక్కొక్కటే తేలాయి. వాటిల్లో చిన్న చేపలు, రొయ్య పిల్లలు చిక్కుకున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు అంతదాకా గట్టు మీద జపం చేస్తున్నట్టు నిలబడి ఉన్నవి ఒకేసారి నీళ్లలోకి దిగాయి. ఒకటి మాకు బాగా దగ్గరగా వచ్చింది. పసుపుపచ్చని పొడుగాటి ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచింది. తల ఒక పక్క నుంచి మరో పక్కకు ఊపుకుంటూ నడుస్తోంది. మధ్యమధ్య ఒక కాలితో బురద కెలుకుతోంది, ఒక రెక్క టక్కున విప్పి మూస్తోంది. నీళ్లు మురికిగా ఉన్నాయి, దానికి చేప కనబడదు. బెదిరిన చేప ముక్కుకు తగలాలి. తగలగానే ముక్కు మూసుకుంటుంది, రెప్పపాటు కూడా పట్టదు. తల పైకెత్తి ఒక్క గుటక. మళ్లీ ముంచుడు.

ఆ పద్ధతి చూస్తే తంపర ఎలా ఉండాలో అర్థమవుతుంది. కొంగకు లోతు నీళ్లు పనికిరావు, చేప చెదిరిపోతుంది. ఎండిన నేలా పనికిరాదు. నీరు తగ్గుతూ చేపను ఒకచోటికి చేర్చే ఆ కొద్ది గంటలే దాని భోజనం వేళ. మన తీరంలో పున్నమి, అమావాస్యల పెద్ద పోటుకు కూడా నీటి తేడా మీటరున్నరకు అటూ ఇటూగానే ఉంటుంది. నేల అంత సమతలంగా ఉంటే జానెడు నీరు తగ్గినా ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. ఎక్కడైనా ఒక గట్టు అడ్డం వేసినా, ఏరు సముద్రంలో కలిసే మొగ పూడినా, తూము మూసినా ఆ జానెడు నీటి ఆట ఆగిపోతుంది. కాగితం మీద తంపర విస్తీర్ణం అంతే ఉంటుంది, పిట్టకు మాత్రం కూడు ఉండదు.

కయాక్ అంటే అంతా మంచే అని నేను అనడం లేదు. మోటారు పోలేని చోటికి తెడ్డు పోతుంది. అదే దాని సుగుణం, అదే దాని ప్రమాదం. చప్పుడు లేకుండా మలుపు తిరిగి పిట్ట మీదికి వచ్చి పడితే అది దూరాన వినబడే ఇంజను కంటే ఎక్కువ బెదురుతుంది. ఫోటో కోసం నలుగురు నాలుగు వైపుల నుంచి చుట్టుముడితే ఆ పూట దాని తిండి పోయినట్టే. మళ్లీ పన్నెండు గంటల తర్వాత కానీ ఆటు రాదు, అప్పటికి చీకటి పడవచ్చు. అందుకే కట్టడి ముందు రావాలి, పడవలు తర్వాత రావాలి. పిట్ట ముక్కు పైకెత్తి మన వైపు చూసిందంటే తెడ్డు ఆపాలి. ఎదురుగా పోకూడదు, పక్కగా సాగిపోవాలి. గుంపు మధ్యలోకి అసలే పోకూడదు. ఒక పూటకు ఇన్ని పడవలే అని ముందే లెక్క కట్టాలి. నీరు పూర్తిగా లాగకముందే పడవలు వెనక్కి రావాలి. లేకపోతే నడుంలోతు బురదలో ఇరుక్కునేది మనుషులే.

భద్రత గురించి మీకు దిగులు ఉండటం సహజం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన బోటు ప్రమాదాన్ని ఏ కలెక్టరూ మరిచిపోలేరు. అప్పుడు మునిగింది వరద నీటిలో డెబ్బై మందికి పైగా ఎక్కిన మోటారు బోటు. నేను అడుగుతున్నవి ఒకరో ఇద్దరో కూర్చునే పడవలు, చాలాచోట్ల నిలబడితే నడుం దాటని నీటిలో, లైఫ్ జాకెట్‌తో, దారి తెలిసిన మనిషి వెంట. మొగ దగ్గరికి, సముద్రంలోకి వాటిని పంపకూడదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు గట్టు దాటనివ్వకూడదు.

దారి తెలిసిన మనిషి అన్నాను. తంపర మత్స్యకారులకు పోటు వేళ చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు. తిథి చూసుకుని చెబుతారు. రోజురోజుకూ పోటు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందని పుస్తకాల్లో రాస్తారు. వాళ్లకది చిన్నప్పటి నుంచి చేతిలో లెక్క. ఏ గుంటలో ఎప్పుడు నీరు నిలుస్తుంది, ఏ పిట్ట ఎక్కడ దిగుతుంది, ఎక్కడ అడుగు వేస్తే దిగబడతాం, ఇవన్నీ ఏ కన్సల్టెన్సీ నివేదికలోనూ దొరకవు. కాబట్టి టెండరు పిలిచి ఎక్కడి నుంచో ఒక కాంట్రాక్టరును తెచ్చి, ఇక్కడి వాళ్లకు రోజుకూలీ ఇచ్చే పద్ధతి వద్దు. పడవ వాళ్లది కావాలి, రుసుము వాళ్ల సంఘం ఖాతాకు పోవాలి.

ఇది జరగని పని కాదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే చిలికా సరస్సు ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరు. ఒకప్పుడు ఆ ఊరివాళ్లు పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్లు. 2000లో అక్కడ పక్షుల రక్షణ సంఘం పెట్టుకున్నారు. ఆనాటి వేటగాళ్లే ఈనాడు గైడ్లు. గడకర్రతో నడిపే నాటుపడవల్లో సందర్శకుల్ని రెల్లు మధ్యకు తీసుకుపోతారు. ఇంజను చప్పుడు లేదు. దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ జనం వస్తున్నారు. తంపర ఒడ్డు నుంచి రోజు తిరక్కుండా వెళ్లి చూసి రాగలిగిన దూరమే. మన అధికారులూ, మన మత్స్యకార సంఘాల పెద్దలూ కలిసి ఒక బస్సులో వెళ్లి వస్తే చాలు, ప్రత్యేకంగా ప్రాజెక్టు రిపోర్టు రాయించనక్కర్లేదు.

ఇప్పుడు తంపరకు ఎదురవుతున్న వాటి గురించి. రొయ్యల చెరువుల గట్లు ఉప్పుటేరు దారిని ఇరుకు చేస్తాయి. వాటిలోంచి వదిలే నీళ్లు, మందులు, రోగాలు అదే ఏటిలోకి వస్తాయి. కొల్లేరులో ఇది ఎంతదాకా పోయిందో రాష్ట్రమంతా చూసింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చిన సరస్సులో 2006లో యంత్రాలు పెట్టి చేపల చెరువుల గట్లు కొట్టాల్సి వచ్చింది. ముందే ఆపి ఉంటే అంత ఖర్చూ ఉండేది కాదు, అంతమంది బతుకులూ రోడ్డున పడేవి కావు. ఇక భావనపాడు దగ్గర్లోని మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వద్దని ఈ ఉత్తరంలో అడగడం లేదు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతి గోడ కట్టినచోట ఒక పక్క మేట, మరో పక్క కోత. విశాఖ బీచ్‌కు హార్బరు దగ్గర తవ్విన ఇసుకను ఏటా తెచ్చి పోయాల్సి రావడం అందుకే. భావనపాడు మొగ తెరుచుకుని ఉంటేనే తంపరలోకి పోటు వస్తుంది. ఆ మొగను ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నది నా ప్రశ్న.

ఈ జిల్లాలో చిత్తడి నేలల కోసం మనుషులు ప్రాణాలు ఇచ్చారు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది. కాకరాపల్లి తంపరలో 2011 ఫిబ్రవరి 28న అలాంటి పోరాటం మీదే మళ్లీ కాల్పులు. ‘పనికిరాని బురద నేల’ అని ఫైళ్లలో రాసిన దానికి విలువ ఎంతో ఇక్కడి జనం అప్పుడే చెప్పేశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే ఒడ్డెక్కి ఉద్దానంలో కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. అలాంటి రోజున ఉప్పెన నీరు ఊళ్ల మీద పడకుండా పరుచుకోవడానికి చోటు కావాలంటే అది తంపరే.

చట్టం ఏమంటుందో చూడండి. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు ఉప్పు తయారీకి, చేపల పెంపకానికి కట్టిన నిర్మాణాలను తమ పరిధిలోంచి తీసేశాయి. తీరప్రాంత నోటిఫికేషన్ కిందికి వచ్చే చోట్లనూ తీసేశాయి. 2019 జనవరి 18 నాటి తీరప్రాంత నోటిఫికేషన్ పోటు, ఆటు గీతల మధ్య నేలను కట్టడి చేస్తుంది, ఉప్పు చిత్తడిని, పక్షుల గూళ్ల చోట్లను అతి సున్నితమైనవిగా చెబుతుంది. కానీ పిట్టల్ని కనిపెట్టుకుని ఉండే యంత్రాంగాన్ని ఇవ్వదు. ఇలా రెండు నిబంధనల నడుమ తంపర ఎవరిదీ కాకుండా పోయింది. దారి మాత్రం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 36ఎ కింద ప్రభుత్వ భూమిని ‘కన్జర్వేషన్ రిజర్వ్’గా ప్రకటించవచ్చు. అందులో కేంద్రం భూములుంటే కేంద్రం సమ్మతి తీసుకోవాలి, స్థానికులతో సంప్రదించాలి. నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయతీల ప్రతినిధులు ఉంటారు. మత్స్యకారుడి వలను బయటికి నెట్టకుండా నీటిని కాపాడే వీలు ఇందులో ఉంది.

అందుకని, మొదట అడిగిన రెంటినీ విడమరిస్తే మా విన్నపాలు ఇవి:

ఒకటి. తంపర, ఉప్పుటేరు, భావనపాడు మొగ కలిపి సర్వే చేయించి, కన్జర్వేషన్ రిజర్వ్ కోసం ప్రతిపాదన ప్రభుత్వానికి పంపండి. అంతకుముందు చుట్టుపక్కల ఊళ్లలో గ్రామసభలు పెట్టండి.

రెండు. పోటు నీటికి అడ్డంగా కొత్త గట్టు ఏదీ వేయనివ్వకండి. వేసినవాటికి అనుమతులు ఉన్నాయో లేవో తనిఖీ చేయించండి.

మూడు. రొయ్యల చెరువుల నీరు ఉప్పుటేరులో కలిసే చోట్ల నీటిని, చేపను సీజన్ మొదలయ్యే ముందు, మధ్యలో, చివర పరీక్ష చేయించి ఫలితాలు పంచాయతీ బోర్డు మీద అంటించండి. 2021 డిసెంబరులో మొదలైన చావులు మళ్లీ రాకూడదు.

నాలుగు. తంపరలో మోటారు బోట్లతో పర్యాటకాన్ని నిషేధించండి. తెడ్డు పడవలు, కయాక్‌లు మత్స్యకార సంఘాల ద్వారానే, పడవల సంఖ్యకు పరిమితి పెట్టి, శిక్షణ ఇచ్చి మొదలుపెట్టండి.

ఐదు. మొదటి పడవల్లో డబ్బులిచ్చే సందర్శకుల్ని కాక టెక్కలి, పలాస, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల బడిపిల్లల్ని ఎక్కించండి. గూడబాతు తమ జిల్లా పిట్ట అని వాళ్లకు ముందు తెలియాలి.

ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల లెక్క జరుగుతుంది. 1987లో మొదలైన ఈ లెక్కలో మన దేశంలో వేలమంది పాల్గొంటారు. వచ్చే జనవరిలో తంపర లెక్కకు మీరూ రండి. కారు గట్టు మీద వదిలేసి, నీరు లాగే వేళకు పడవ ఎక్కండి. అటవీ, మత్స్య, రెవెన్యూ, పర్యాటక శాఖల అధికారుల్ని వెంటబెట్టుకు రండి. ఆ రోజు పై ఐదింట్లో కనీసం మొదటిదాని మీద సంతకం పెట్టి వెళితే మిగతా నాలుగూ మేం దగ్గరుండి చేయించుకుంటాం.

ఇట్లు,
టెక్కలి–ఉద్దానం తీరవాసి ఒకరు